ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ నత్తనడక నడుస్తుంటే ఏం చేయాలి?

200 జీబీ పెళ్లి వీడియోలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కడానికి అరగంట పట్టాలి. గంటన్నర పడుతోందంటే దారిలో ఏదో అడ్డుపడుతోంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారినా సగం కాలేదంటే జబ్బు వేరు. ఈ రెండిటికీ మందు ఒకటి కాదు. అయినా చాలామంది ఏది వచ్చినా ఒకటే వైద్యం చేస్తారు: డ్రైవ్ ఫార్మాట్ కొట్టడం, లేదంటే చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు వెతికి సరిచేసే విండోస్ పనిముట్టు) నడపడం. ఏ సెట్టింగూ ముట్టుకోకముందు విండోస్ కాపీ విండోలో "మోర్ డీటెయిల్స్" నొక్కండి. అక్కడ పచ్చగా కదిలే గ్రాఫ్ ఏ ఆకారంలో ఉందో చూస్తే సగం రోగం తెలిసిపోతుంది.

కావలసినవి: డ్రైవ్‌తో పాటు డబ్బాలో వచ్చిన కేబుల్, యూఎస్‌బీ ట్రీ వ్యూ (డ్రైవ్ ఏ యూఎస్‌బీ వేగంలో నడుస్తోందో చూపేది), క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో (డిస్క్ ఆరోగ్యం చూపేది), సెవెన్ జిప్ (ఫైళ్లని ఒక్క మూటగా కట్టేది). సాఫ్ట్‌వేర్లు మూడూ ఉచితమే. యూఎస్‌బీ హబ్ పక్కన పెట్టేయండి, పరీక్ష చేసేటప్పుడు హబ్ వాడకూడదు.

1. ఒకే ఒక్క పెద్ద ఫైలుతో కొలవండి

వేల ఫోటోలున్న ఫోల్డర్ కాపీ చేస్తూ స్పీడు చూస్తే ఏమీ తేలదు. 5 నుంచి 10 జీబీ ఉన్న ఒక్క వీడియో ఫైలు తీసుకుని, ల్యాప్‌టాప్ లోపలి ఎస్‌ఎస్‌డీ నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి పంపండి. ఫోన్ నుంచి పంపి కొలవొద్దు. ఫోన్ వాడే ఎంటీపీ పద్ధతే నెమ్మది, దానికి డ్రైవ్‌ని తిట్టి లాభం లేదు. పాత ల్యాప్‌టాప్ లోపల ఉన్నది కూడా హార్డ్ డిస్కే అయితే, అది చదవగలిగినంత వేగంగానే ఇది రాయగలదు.

2.5 అంగుళాల పోర్టబుల్ హార్డ్ డిస్క్‌కి సెకనుకి 100 నుంచి 130 ఎంబీ వస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టే. డిస్క్ దాదాపు నిండిపోయి ఉంటే ఇందులో సగమే వస్తుంది. చివరికి మిగిలేవి లోపలి ట్రాకులు (డేటా రాసే గుండ్రటి గీతలు), వాటి చుట్టుకొలత తక్కువ కాబట్టి ఒక్క చుట్టుకి అందే డేటా కూడా తక్కువ. అది జబ్బు కాదు. యూఎస్‌బీ 3.0లో ఎస్‌ఎస్‌డీకి 400 దాకా రావాలి. మామూలు పెన్‌డ్రైవ్ రాసే వేగం, దాని మీద 3.0 అని ఉన్నా, చాలాసార్లు 10 నుంచి 30 ఎంబీ దగ్గరే ఆగుతుంది. బ్యాకప్‌కి పెన్‌డ్రైవ్ వాడకూడదు, అంతే.

డబ్బా మీద రాసే 5 జీబీపీఎస్ బిట్ల లెక్క, కాపీ విండో చూపించేది బైట్ల లెక్క. 8తో భాగించకుండా "కంపెనీ మోసం చేసింది" అనొద్దు.

2. గ్రాఫ్ 35–40 దగ్గర గీత గీసినట్టు ఉంటే

డ్రైవ్ యూఎస్‌బీ 2.0లో నడుస్తోంది. 2.0 వేగం కాగితం మీద 480 ఎంబీపీఎస్, అంటే 60 ఎంబీ. చేతికొచ్చేది 35 నుంచి 40. యూఎస్‌బీ ట్రీ వ్యూలో మీ డ్రైవ్ మీద నొక్కితే "హై స్పీడ్" అని ఉంటే అది 2.0, "సూపర్ స్పీడ్" అని ఉంటే 3.0. పేరు చూసి "హై స్పీడ్" బాగానే ఉందనుకుంటారు, అదే నెమ్మదైనది. లినక్స్‌లో ఇదే సంగతి 480ఎం, 5000ఎం అని కనిపిస్తుంది.

కారణం చాలాసార్లు కేబులే. టైప్-సి రెండు వైపులా ఉన్నంత మాత్రాన అది వేగమైన కేబుల్ కాదు. ఫోన్ ఛార్జర్‌తో వచ్చే టైప్-సి కేబుళ్లలో ఎక్కువవాటికి 2.0 తీగలే ఉంటాయి. పాత పోర్టబుల్ డిస్కులకి ఉండే వెడల్పాటి మైక్రో-బి సాకెట్‌లో పాత ఫోన్ కేబుల్ కూడా పడుతుంది, పనిచేస్తుంది, కానీ 2.0 వేగంతోనే. కేబుల్ సరైనదైనా ప్లగ్గుని మెల్లగా, వంకరగా దూరిస్తే ఒక్కోసారి ఇదే జరుగుతుంది. 3.0 టైప్-ఎ ప్లగ్గులో 9 స్పర్శలుంటాయి. పాత 4 ముందు తగులుతాయి, కొత్త 5 ఆ తర్వాత. ఆ మధ్య ఆలస్యమైతే కంప్యూటర్ దాన్ని 2.0 అనుకుని అక్కడే స్థిరపడుతుంది. తీసి, తిన్నగా, ఒక్క తోపులో పెట్టండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందు పోర్టులు కాకుండా వెనక మదర్‌బోర్డు పోర్టులే వాడాలి.

3. గ్రాఫ్ ఉన్నట్టుండి సున్నాకి పడుతుంటే: ఇక్కడ ఆగండి

మిగతా మెట్లలో తప్పు చేస్తే చాలావరకు పోయేది సమయమే. ఇక్కడ తప్పు చేస్తే పోయేది డేటా.

లక్షణం ఇలా ఉంటుంది. స్పీడు 100 దగ్గర నడుస్తూ హఠాత్తుగా సున్నా అవుతుంది. పది సెకన్లో, అర నిమిషమో అలాగే ఉంటుంది, మళ్లీ లేస్తుంది. ఫోల్డర్ తెరిస్తే విండో బిగుసుకుపోతుంది. డ్రైవ్‌లోంచి ఉండుండి టిక్, టిక్ అని వినిపిస్తుంది. హార్డ్ డిస్క్ ఒక సెక్టార్‌ని (డేటా రాసే చిన్న గడిని) చదవలేకపోతే వెంటనే తప్పు చెప్పదు. లోపల్లోపలే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. అది వదిలేసేదాకా విండోస్ కూడా చూస్తూ కూర్చుంటుంది. ఆ సున్నా అదే.

కరెంటు చాలకపోయినా ఇలాగే ఉంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్ట్ 900. కాబట్టి ముందు కేబుల్, పోర్ట్ మార్చి ఒక్కసారి చూడండి. ఒక్కసారే. అప్పటికీ అలాగే ఉంటే కాపీ ఆపేసి క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెరవండి.

అందులో చూడాల్సిన వరసలు మూడు: 05, సీ5, సీ6. 05 అంటే ఇప్పటికే చెడిపోయి, బదులు చోటు ఇచ్చిన సెక్టార్లు. సీ5 అంటే చదవలేక పెండింగులో పెట్టినవి. సీ6 అంటే ఇక చదవలేనని చేతులెత్తేసినవి. రా వ్యాల్యూ గడిలో మొదట కనిపించేది హెక్సాడెసిమల్, అక్కడ 10 అని ఉంటే అర్థం 16. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వ్యాల్యూస్‌కి వెళ్లి డెసిమల్‌కి మార్చుకోండి. సీ7 (డేటా దారిలో దొర్లిన తప్పుల లెక్క) పెరిగితే కేబుల్ మార్చమని చెబుతుంటారు. కంప్యూటర్ లోపలి డిస్క్‌కి ఆ మాట సరే. ఎక్స్‌టర్నల్ డబ్బాలో మాత్రం సీ7 లెక్కపెట్టేది డిస్క్‌కీ, డబ్బాలోని బ్రిడ్జ్ చిప్‌కీ (డిస్క్‌ని యూఎస్‌బీకి కలిపే చిప్) మధ్య లింకులో తప్పుల్ని. మీ యూఎస్‌బీ కేబుల్‌కి దానితో సంబంధం లేదు.

డ్రైవ్ ఆ జాబితాలో అసలు కనిపించకపోతే బ్రిడ్జ్ చిప్ ఆ సమాచారం బయటికి పంపడం లేదని అర్థం. డ్రైవ్ బాగుందని అర్థం కాదు. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ చూడండి. డిస్క్ పేరు మీద 7 నంబరు ఉంటే చెడ్డ బ్లాకు, 153 ఉంటే మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిన ఆపరేషన్. 129 అంటే డివైస్‌ని రీసెట్ చేయాల్సి వచ్చింది. ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో 129 ఒక్కటే కనిపిస్తుంటే ముందు కేబుల్‌నీ, కరెంటునీ అనుమానించాలి.

సీ5 సున్నా కాకపోతే, ఆ డ్రైవ్‌లో ఉన్న డేటాకి ఇంకెక్కడా కాపీ లేకపోతే, కింది నియమాలకి మినహాయింపు లేదు.

చెక్‌డిస్క్ నడపొద్దు. ముఖ్యంగా స్లాష్ ఆర్ (/r) పెట్టి అసలే నడపొద్దు. అది డిస్క్ మొదటి నుంచి చివరిదాకా ప్రతి సెక్టార్‌నీ చదవడానికి ప్రయత్నిస్తుంది, చదవలేని ప్రతిచోటా గంటల తరబడి కొట్టుకుంటుంది. చావుబతుకుల్లో ఉన్న మనిషిని మెట్లెక్కించి గుండె పరీక్ష చేసినట్టు. పైగా చెక్‌డిస్క్ కాపాడేది ఫైల్ సిస్టమ్ లెక్కల్ని, మీ ఫైళ్లని కాదు. లెక్క కుదరని ఫైళ్లని పేర్లు ఊడగొట్టి ఒక ఫోల్డర్‌లో ముక్కలుగా పడేస్తుంది. ఎవరు చెప్పినా సరే, డేటా బయటికి తీశాకే చెక్‌డిస్క్.

డీఫ్రాగ్ (చెదిరిన ఫైలు ముక్కల్ని ఒకచోటికి చేర్చడం), యాంటీవైరస్ ఫుల్ స్కాన్, ఫార్మాట్ కూడా వద్దు. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా ఇంకా తిరుగుతూనే ఉంది. బయటికి తీయగానే లోపలి పలకల మీద తేమ పట్టి ఉన్నది కూడా పోతుంది. డబ్బా విప్పి డిస్క్‌ని ఇంకో డబ్బాలో వేయడం కూడా అన్నిటికీ కుదరదు. కొన్ని పోర్టబుల్ డ్రైవ్‌లలో యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డు మీదే ఉంటుంది, వేరే డబ్బాకి తగిలించే సాటా కనెక్టరే ఉండదు. ఇంకొన్నిటిలో బ్రిడ్జ్ చిప్పే డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ చిప్ లేకుండా డిస్క్ చదివితే చెత్త అక్షరాలే వస్తాయి.

టిక్ టిక్ శబ్దం లేకపోతే, సీ5 కొద్దిగానే ఉంటే, ముందు ప్రాణప్రదమైన ఫోల్డర్లు చిన్నచిన్న విడతలుగా బయటికి తీయండి. పిల్లల ఫోటోలు, ఆస్తి కాగితాల స్కాన్లు ముందు, సినిమాలు చివర. ఒక ఫైలు దగ్గర బిగుసుకుంటే "స్కిప్" కొట్టి ముందుకెళ్లండి, అక్కడే కూర్చుని "ట్రై ఎగైన్" నొక్కుతూ ఉండొద్దు.

మొత్తం డిస్క్ కావాలంటే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ తప్ప వేరే దారి పట్టొద్దు. మామూలు కాపీ చెడ్డచోట చిక్కుకుంటుంది. డీడీరెస్క్యూ ముందు బాగున్న భాగాలన్నీ తీసేసి, తర్వాత తీరిగ్గా చెడ్డ భాగాల దగ్గరికి వెనక్కి వస్తుంది. ఎంతవరకు తీసిందో రాసుకునే మ్యాప్ ఫైలు ఇస్తే మధ్యలో ఆపినా ఆగినచోటి నుంచే మొదలవుతుంది. మ్యాప్ ఫైలు లేకుండా నడపొద్దు. చెడ్డ డ్రైవ్‌ని మౌంట్ చేయొద్దు, అంటే ఫోల్డర్లు చూడటానికి తెరవొద్దు. కాపీ వెళ్లే డిస్క్ అంతే సైజులో గానీ, పెద్దదిగా గానీ ఉండాలి, దాని మీద అంతకుముందున్నదంతా పోతుంది. అన్నిటికంటే ముఖ్యం: కమాండ్‌లో మొదట రాసేది చెడ్డ డ్రైవ్, రెండోది కొత్త డ్రైవ్. తారుమారైతే ఖాళీ డిస్క్ వెళ్లి మీ ఫోటోల మీద పడుతుంది, దానికి తిరుగులేదు. సైజు, మోడల్ నంబరు చదివి, ఒకటికి రెండుసార్లు సరిచూసి, అప్పుడు ఎంటర్ నొక్కండి.

టిక్ టిక్ వినిపిస్తే ఇవేవీ వద్దు. ప్లగ్ తీసేసి, శుభ్రమైన గదిలో డిస్క్ విప్పే డేటా రికవరీ ల్యాబ్‌కి తీసుకెళ్లండి. విప్పడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని సిద్ధంగా ఉన్న షాపుకి కాదు.

డేటాకి వేరే చోట కాపీ ఉంటే ఇంత తంటా అక్కర్లేదు. డ్రైవ్ మార్చేయండి. మొత్తం రాసి తుడిస్తే సీ5 మళ్లీ సున్నాకి రావచ్చు. వచ్చినా ఆ డ్రైవ్‌ని నమ్మకూడదు.

4. మొదట పరుగు, తర్వాత పాకడం

మొదటి కొన్ని జీబీలు జోరుగా వెళ్లి, తర్వాత 20–30కి పడి అక్కడే ఉంటే క్యాష్ (ముందు గబగబా రాసుకునే తాత్కాలిక చోటు) నిండింది. ఈమధ్య వచ్చే 2.5 అంగుళాల హార్డ్ డిస్కుల్లో చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం. పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ట్రాకులు ఒకదాని అంచు మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే దాని పైవన్నీ లేపాలి. అలాగే ఒక ట్రాకు మార్చితే పక్కవన్నీ మళ్లీ రాయాలి. అందుకే డిస్క్ ముందు ఒక మామూలు ప్రాంతంలో గబగబా రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు సర్దుకుంటుంది. ఆ ఖాళీ మీరు ఇవ్వాలి. 40–50 జీబీ చొప్పున విడతలుగా పంపి, విడతకీ విడతకీ మధ్య పావుగంట ప్లగ్ తీయకుండా వదిలేయండి. పాతవి తుడిచి వాటి స్థానంలో కొత్తవి రాస్తుంటే మరీ నెమ్మదిస్తుంది. ఎప్పుడూ 20 శాతం ఖాళీ ఉంచాల్సిందే. ఎస్‌ఎంఆర్ డిస్క్‌ని డీఫ్రాగ్ చేయడం కుదిర్చిన పెంకుల్ని పీకి మళ్లీ పేర్చడమే.

చవక ఎస్‌ఎస్‌డీలకీ ఇదే వరస. క్యూఎల్‌సీ రకంలో (ఒక్కో గడిలో నాలుగు బిట్లు కుక్కేది) క్యాష్ దాటాక వేగం హార్డ్ డిస్క్ స్థాయికి దిగుతుంది. వేడెక్కినా దిగుతుంది. వేసవిలో ల్యాప్‌టాప్ మీదే పెట్టి నడపొద్దు, విడిగా గాలి తగిలేచోట పెట్టండి.

5. వేల చిన్న ఫైళ్లు

గ్రాఫ్ రంపం పళ్లలా ఉంటే ఫైళ్లు చిన్నవి. హార్డ్ డిస్క్ ప్రతి ఫైలుకీ డేటా ఒకచోట, పేరు ఒకచోట, లెక్క ఇంకోచోట రాయాలి, హెడ్ అటూ ఇటూ పరుగెత్తాలి. ఒక్కో ఫైలుకి 30 మిల్లీసెకన్లు పోయినా 50,000 వాట్సాప్ ఫోటోలకి 25 నిమిషాలు ఈ తిరుగుళ్లకే సరి. సెవెన్ జిప్‌లో ఫార్మాట్ జిప్, కంప్రెషన్ లెవల్ "స్టోర్" పెట్టి, ఆ జిప్ నేరుగా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోనే తయారయ్యేలా దారి ఇవ్వండి. "స్టోర్" తప్ప వేరేది పెట్టొద్దు. ఫోటోలు, వీడియోలు ముందే నొక్కి ఉన్నవి, మళ్లీ నొక్కితే ప్రాసెసర్ వేడెక్కడం తప్ప చోటేమీ మిగలదు. అయ్యాక "టెస్ట్" బటన్ నొక్కకుండా అసలువి తుడవకండి. డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దగ్గర జిప్ ఆగిపోతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ, మ్యాక్‌లో కూడా వాడాలంటే ఎక్స్‌ఫ్యాట్ గానీ ఉండాలి.

వేగం పెంచుతామనే కాపీ సాఫ్ట్‌వేర్లు కొని లాభం లేదు. హెడ్ తిరగడానికి పట్టే సమయాన్ని అవి తగ్గించలేవు. ఒకేసారి ఎనిమిది ఫైళ్లు పంపితే ఎస్‌ఎస్‌డీకి మేలే, హార్డ్ డిస్క్‌కి మాత్రం తిరుగుడు ఇంకా పెరుగుతుంది. అందుకే హార్డ్ డిస్క్‌లోకి రెండు కాపీలు ఒకేసారి పెట్టకండి.

6. చివరగా ఒక సెట్టింగు

విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు "క్విక్ రిమూవల్"లో (ఎప్పుడైనా ప్లగ్ తీయడానికి వీలుగా ఉంచే సెట్టింగు) ఉంటాయి. డివైస్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్, మీ డ్రైవ్ ప్రాపర్టీస్, పాలసీస్‌లో "బెటర్ పెర్ఫార్మెన్స్" పెడితే చిన్న ఫైళ్లు కాస్త వేగంగా వెళ్తాయి. ఇంట్లో ఎవరైనా ఎజెక్ట్ చేయకుండా ప్లగ్ పీకేసేవాళ్లుంటే దీని జోలికి పోవద్దు. దాని కిందే రైట్ క్యాష్ ఫ్లషింగ్ (తాత్కాలికంగా దాచిన డేటాని డిస్క్ మీదికి దించడం) ఆపేసే రెండో టిక్ ఉంటుంది, దాన్ని ఎవరూ పెట్టకూడదు. కట్-పేస్ట్ కూడా వద్దు. కాపీ చేసి, రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు ప్రాపర్టీస్‌లో పోల్చి, ఎజెక్ట్ చేసి, మళ్లీ తగిలించి, రెండు మూడు పెద్ద ఫైళ్లు డ్రైవ్‌లోంచే తెరిచి చూశాక ల్యాప్‌టాప్‌లోవి తుడవండి.