స్పెయిన్‌లో తాపాస్ బార్‌కి వెళ్తే ఎలా తినాలి, ఏం అడగాలి, ఎక్కడ బుక్కైపోతారు

ముందే చెప్పేస్తున్నా, టపాసులు కాదు తాపాస్, మన దీపావళి సరుకుకి దీనికీ ఏ సంబంధం లేదు. స్పానిష్‌లో తాపా అంటే మూత. వైన్ గ్లాసులో ఈగలు పడకుండా పైన బ్రెడ్ ముక్కో హామ్ (పంది మాంసం) ముక్కో మూతలా పెట్టేవాళ్ళని, అలా పేరొచ్చిందని ఒక కథ. రాజుల పేర్లు పెట్టి ఇంకొన్ని కథలు కూడా తిరుగుతుంటాయి, ఏ బార్ వాడికి నచ్చింది వాడు చెప్తాడు.

నేను మాడ్రిడ్‌లో ఉంటా. చూడ్డానికి వచ్చిన చుట్టాలు, ఫ్రెండ్సు అందరూ అడిగేది ఒకటే, మంచి తాపాస్ రెస్టారెంట్ ఒకటి చూపించు అని. అసలు తేడా అక్కడే కొడుతుంది. తాపాస్ అంటే ఒక టేబుల్ దగ్గర కూర్చుని పన్నెండు చిన్న ప్లేట్లు తెప్పించుకోవడం కాదు, ఒక బార్‌లో నిలబడి ఒక గ్లాసు, ఒక ప్లేటు, కాసేపు కబుర్లు, అవ్వగానే పక్క బార్‌కి నడక. దానికి వాళ్ళ భాషలో తాపెయార్ అని ఒక క్రియే ఉంది. ఒక్కో బార్‌కి ఒక్కో ఐటెమ్ మీద చెయ్యి తిరిగి ఉంటుంది, అది తినేసి బయటపడాలి అంతే.

టైమింగ్ దగ్గరే సగం మంది దెబ్బ తింటారు. నేను కూడా మొదట్లో ఒక రోజు సాయంత్రం ఆరున్నరకి ఆకలేస్తోందని ఒక బార్‌లో కూర్చుని మెనూ మొత్తం చదివి నాలుగు చెప్తే నాలుగింటికీ తల అడ్డంగా ఊపాడు, కిచెన్ మూసేశారు. ఇక్కడ లంచ్ రెండింటికి మొదలై నాలుగు దాకా సాగుతుంది, డిన్నర్ తొమ్మిది తర్వాతే. ఈ మధ్యలో కౌంటర్ మీద అద్దాల పెట్టెలో ఉన్న తోర్తియా (గుడ్డూ దుంపల అట్టు) ముక్క, ఆలివ్‌లు, చీజ్ లాంటి చల్లటివే దొరుకుతాయి. కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకో, రాత్రి ఎనిమిదిన్నరకో వెళ్ళండి, సందడి మొదలవుతుంది, జనం మరీ మీద పడరు.

బార్ ఎంచుకోవడానికి నేను చూసేవి చెప్తా. గుమ్మం ముందు ఒకాయన మెనూ పట్టుకుని రండి రండి అంటుంటే నడక ఆపొద్దు. పాయెల్యా (వాళ్ళ అన్నం వంటకం) ఫొటోలున్న పెద్ద బోర్డు, ఎనిమిది భాషల మెనూ, ఆ రెండూ కలిసి కనిపిస్తే ఇంక ఆలోచించక్కర్లేదు. అదే బ్లాక్‌బోర్డ్ మీద సుద్దతో నాలుగైదు ఐటెమ్‌లే రాసి, కౌంటర్ దగ్గర ముసలాళ్ళు నిలబడి గట్టిగా వాదించుకుంటూ, కింద నేల మీద నలిపి పడేసిన పేపర్ న్యాప్‌కిన్లు కనిపిస్తే లోపలికి వెళ్ళిపోండి. ఆ న్యాప్‌కిన్లు చూసి చీ ఇదేం శుభ్రం అనిపిస్తుంది, కానీ పాతకాలం బార్లలో అదే గిరాకీకి గుర్తు, ఈ మధ్య ఆ అలవాటు తగ్గుతోందిలెండి.

లోపలికెళ్ళాక ఎవరో వచ్చి కూర్చోబెడతారని చూస్తే అలాగే నిలబడిపోతారు. కౌంటర్ దగ్గర మోచెయ్యి ఆనేంత చోటు చూసుకుని, లోపలున్నాయన కళ్ళు కలిస్తే ఒక తల ఊపు. ఆయన దీమే అంటాడు, అంటే చెప్పు అని, కోపంగా అన్నట్టు వినిపిస్తుంది కానీ కోపం కాదు, పలకరింపే అది. మీరు మే పోనెస్ ఉనా కాన్యా అనండి, నాకో చిన్న బీర్ పెడతావా అని. కాన్యా అంటే సుమారు 200 మిల్లీలీటర్ల గ్లాసు, వేడెక్కేలోపు అయిపోవాలనే అంత చిన్నది. బీర్ ఘాటు వద్దనుకుంటే క్లారా అడగండి, బీర్‌లో నిమ్మ సోడా కలిపి ఇస్తారు. సాంగ్రియా టూరిస్టుల కోసం ఎక్కువ, ఇక్కడివాళ్ళు ఎండాకాలం తాగేది తింతో దె వెరానో, రెడ్ వైన్‌లో సోడా, చవక కూడా. మందు ముట్టనివాళ్ళకి మోస్తో ఉంది, పులియబెట్టని ద్రాక్షరసం, ఐస్ వేసి ఇస్తారు, నాకు చాలా ఇష్టం. నీళ్ళకి డబ్బులు కట్టక్కర్లేదు, 2022లో వచ్చిన చట్టం ప్రకారం కుళాయి నీళ్ళు ఫ్రీగా ఇవ్వాల్సిందే, ఆగ్వా దెల్ గ్రీఫో అని స్పష్టంగా అడగాలి, ఊరికే ఆగ్వా అంటే సీసా వచ్చేస్తుంది.

సైజులు మూడు. తాపా చిన్నది, మేదియా రాసియోన్ సగం ప్లేటు, రాసియోన్ ఫుల్ ప్లేటు. అన్ని బార్లలో మూడూ ఉండవు, కొన్నిచోట్ల రాసియోన్ ఒక్కటే, అది ఇద్దరు ముగ్గురికి సరిపోతుంది, తెలీక మనిషికొకటి చెప్పేస్తే అంతే సంగతులు. ఇంకో విషయం, బయట తెర్రాసాలో కూర్చుంటే చాలాచోట్ల అదే వస్తువుకి రేటు ఎక్కువ, మెనూలో రెండు కాలమ్‌లు కనిపిస్తే కారణం అదే.

ఇక తిండి. కొత్త బార్‌కి వెళ్తే నేను మొదట అడిగేది తోర్తియా, కోడిగుడ్డూ బంగాళదుంపల మందపాటి అట్టు, ఎందుకంటే అది బాగా చెయ్యలేనివాడు మిగతావీ చెయ్యలేడు. మంచి తోర్తియా కోస్తే లోపల కాస్త జారుగా ఉంటుంది, పొడిగా రబ్బరులా ఉంటే బీర్ తాగేసి వచ్చేయండి. ఉల్లిపాయ వెయ్యాలా వద్దా అని దేశమంతా రెండు పార్టీలుగా కొట్టుకుంటారు, నేను ఉల్లిపాయ పార్టీ. పతాతాస్ బ్రావాస్ అంటే వేయించిన దుంపల మీద ఎర్రటి సాస్, బ్రావాస్ అంటే కోపిష్టివి అని అర్థం, కానీ మన నాలుకకి అందులో కోపం ఎక్కడా తగలదు, కారం ఆశతో వెళ్ళకండి. కారం ఆట కావాలంటే పిమియెంతోస్ దె పాద్రోన్ ఉంది, చిన్న పచ్చ మిరపకాయలు నూనెలో వేయించి రాళ్ళుప్పు చల్లి ఇస్తారు, అన్నీ చప్పగా ఉండి మధ్యలో ఒక్కటి మండుతుంది, ఏది మండుతుందో చూస్తే తెలీదు. గాంబాస్ అల్ అహీయో మట్టి మూకుట్లో సలసలా కాగుతూ వస్తుంది, వెల్లుల్లి నూనెలో రొయ్యలు. రొయ్యలు అయిపోయాక ఆ నూనెలో బ్రెడ్ ముంచి తినడమే అసలు పని, మర్యాద గురించి ఆలోచించొద్దు, పక్కవాళ్ళూ అదే చేస్తుంటారు. బోటీ ఇష్టపడేవాళ్ళు మాడ్రిడ్‌లో కాయోస్ వదలకండి, చలికాలంలో మరీ బావుంటుంది.

హామ్ తినేవాళ్ళకి ఒక చిన్న లెక్క. సెర్రానో మామూలు తెల్ల పందిది, ఇబేరికో వేరే జాతి, ధర కూడా వేరే. ఇబేరికో కాళ్ళకి 2014 రూల్ ప్రకారం రంగు ట్యాగులుంటాయి, నలుపు అంటే నూరు శాతం ఇబేరికో, ఓక్ గింజలు మేసింది, ఎరుపు అంటే ఓక్ గింజలే కానీ జాతి కలిసింది, ఆకుపచ్చ ఆరుబయట మేసింది, కాకపోతే దాణా కూడా పెడతారు, తెలుపు అంటే ఫామ్‌లో దాణాతో పెంచింది. కౌంటర్ మీద వేలాడే కాలికున్న ట్యాగు చూస్తే మీకు చెప్పే ధరకి అర్థముందో లేదో తెలిసిపోతుంది.

వెజిటేరియన్లు ఈ పేరా రెండుసార్లు చదవండి. సిన్ కార్నే అంటే మాంసం లేకుండా అని, కానీ చాలా బార్లలో హామ్‌ని, చేపని అసలు మాంసం కింద లెక్కే వెయ్యరు, అదేదో రుచికి వేసే పోపు అన్నట్టు చూస్తారు. మా ఫ్రెండ్ ఒకడు పుట్టు వెజిటేరియన్, ఇదొక్కటి సేఫ్ అని ధీమాగా ఆలివ్ నోట్లో వేసుకున్నాడు, దాని లోపల ఆంచోవీ చేప కూరి ఉంది, పాపం వాడి మొహం ఇప్పటికీ గుర్తే. కాబట్టి సిన్ హమోన్ (హామ్ లేకుండా), సిన్ ఆతూన్ (ట్యూనా లేకుండా), సిన్ పెస్కాదో (చేప లేకుండా) అని ఒక్కోటి పేరు పెట్టి చెప్పాలి. ఎన్సలదీయా రూసా చూడ్డానికి దుంపల సలాడ్, లోపల ట్యూనా ఉంటుంది. సల్మొరేహో చల్లటి టమాటా సూపే, పైన హామ్, గుడ్డు చల్లుతారు. క్రొకేతాస్ అనే వేయించిన ఉండలు మామూలుగా హామ్‌తోనో కాడ్ చేపతోనో. గుడ్డు తింటే తోర్తియా ఓకే, తినకపోతే పాద్రోన్ మిరపకాయలు, బ్రెడ్ మీద టమాటా రుద్ది ఇచ్చే పాన్ కోన్ తోమాతే ఉన్నాయి. దక్షిణాన ఆందలూసియా వైపు వెళ్తే ఎస్పినాకాస్ కోన్ గర్బాన్సోస్ అడగండి, పాలకూర, శనగలు, జీలకర్ర, ఒక్క ముద్దకే ఇంటికెళ్ళినట్టుంటుంది. వంకాయ ముక్కలు వేయించి చెరకు పాకం పోసే బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ కూడా అక్కడిదే. మంచేగో చీజ్‌లో పాలు విరగడానికి జంతువుల కడుపులోంచి తీసిన రెనెట్ వాడేవి ఉంటాయి, మరీ పట్టింపు ఉంటే అదీ చూసుకోండి.

ఊరు మారితే ఆట మారుతుంది. గ్రనాదాలో డ్రింక్ చెప్తే తాపా ఫ్రీ, ప్రతి రౌండుకీ వేరేది వస్తుంది, సాధారణంగా ఏదొస్తుందో వాళ్ళిష్టం, మూడు రౌండ్లయ్యేసరికి డిన్నర్ అయిపోయినట్టే. సాన్ సెబాస్తియాన్‌లో వీటిని పించోస్ అంటారు. కౌంటర్ మీద వరుసగా పేర్చి ఉంటాయి, అవి చూసి కడుపు నింపేసుకోకండి, అసలు సరుకు బోర్డు మీద రాసిన వేడి వేడివి, అవి అడిగితేనే చేసిస్తారు. లొగ్రోన్యోలో లౌరెల్ వీధిలో సొరియానో అనే బార్‌లో పుట్టగొడుగులు తప్ప ఏమీ అమ్మరు, పైన ఒక చిన్న రొయ్య పెట్టి ఇస్తారు, జనం తోసుకుంటారు. సెవీయాలో ఎల్ రిన్‌కొన్సీయో అనే బార్ 1670 నాటిది, మీ బిల్లు కౌంటర్ చెక్క మీదే సుద్దతో రాస్తారు. మాడ్రిడ్‌లో ఒక్కటే చూడాలంటే సోల్ కూడలి పక్కన 1860 నాటి కాసా లాబ్రా, అక్కడ పిండిలో ముంచి వేయించిన కాడ్ చేప ముక్క. స్పెయిన్ సోషలిస్ట్ పార్టీ 1879లో పుట్టింది కూడా ఆ బార్‌లోనే, అంటే తిండి దగ్గర వాదనలు ఇక్కడ కొత్తేం కాదు.

డబ్బులు చివర్లో ఒకేసారి. కే తే దేబో అంటే నేనెంత బాకీ అని, ఆ మాట వాడితే బార్ ఆయన కాస్త నవ్వుతాడు. గ్రూపుగా వెళ్తే సెంట్లు లెక్కేసి పంచుకోరు, ఈ బార్ నువ్వు, తర్వాతి బార్ నేను అంతే. టిప్ తప్పనిసరి కాదు, చిల్లర వదిలేస్తే చాలు. అడక్కుండా పెట్టిన బ్రెడ్ బుట్టకి బిల్లులో డబ్బులు పడొచ్చు, వద్దనుకుంటే ముట్టుకోకముందే చెప్పేయండి.

మా వీధి చివర బార్ పేరు అడగొద్దు, ఎనిమిది మంది నిలబడితే ఇంక తలుపు మూసుకోదు. మొదటి మూడుసార్లు ఆయన నా మొహం కూడా చూడలేదు, నాలుగోసారి అడక్కుండానే మోస్తో గ్లాసు ముందుకు జరిపాడు, అప్పట్నుంచి ఆ కౌంటర్ మూల నాదే. మీకూ అలాంటిది దొరికితే ఆగస్టులో మాత్రం దూరం నుంచి వెళ్ళకండి, ఫ్యామిలీ బార్లు చాలావరకు సెలవుల్లో ఉంటాయి. పోయిన ఆగస్టులో అది మర్చిపోయి ఇద్దరు చుట్టాల్ని వెంటేసుకుని మండుటెండలో నడిపించుకెళ్తే షట్టర్ మీద చేత్తో రాసి అంటించిన కాగితం, సెలవులు, సెప్టెంబర్ 1న కలుద్దాం అని.