కుర్చీలోంచి లేవలేకపోతున్న పెద్దవాళ్లు: మోకాలి కంటే ముందు తొడ కండ చూడండి

పోయినేడు అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కినాయన ఈ ఏడు బస్సు ఎక్కడానికి చెయ్యి అందించమంటాడు. కుర్చీలోంచి లేవాలంటే తొడల మీద చేతులు ఊనుతాడు. కాలికి ఏదైనా తట్టుకుంటే తమాయించుకోలేడు. ఇంట్లోవాళ్లు మోకాలికి ఎక్స్‌రే తీయించి కాల్షియం మాత్రలు తెస్తారు. తిరుపతి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లే ఫిజియోథెరపిస్టుగా నేను మొదట అడిగేది ఒకటే: కుర్చీ పరీక్ష చేశారా? చేసినవాళ్లు దాదాపు ఉండరు.

కుర్చీని గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కాళ్లలో బలం తగ్గినట్టే అనుకోండి. మోకాలి నొప్పితో ఆగిపోతే అది వేరే లెక్క. తర్వాత టైలర్ టేపుతో పిక్కను లావుగా ఉన్నచోట కొలవండి. మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ కరిగిందన్న అనుమానం గట్టిపడుతుంది. కాళ్లకు వాపుంటే ఈ కొలత నమ్మొద్దు.

“రోజూ వాకింగ్ చేస్తాడు సార్, కండ ఎందుకు తగ్గుతుంది?” అంటారు. వయసుతో ముందు సన్నబడేవి వేగంగా పనిచేసే కండ పోగులు. చటుక్కున లేవడానికి, తూలినప్పుడు నిలదొక్కుకోవడానికి కావాల్సినవి అవే. మెల్లగా నడిస్తే వాటికి పని పడదు. నడక మానొద్దు, అది గుండెకు మంచిది. కానీ కండకు అదొక్కటే చాలదు.

ఇక నన్ను దెబ్బతీసిన కారణం: మంచం.

మా అమ్మకు జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో తగ్గింది. “ఇంకో వారం పడుకోమ్మా” అన్నది నేనే. మంచం దగ్గరికే సంగటి, మంచం దగ్గరికే నీళ్లు. తర్వాత బరువు చూస్తే తగ్గలేదు, పర్వాలేదులే అనుకున్నాను. నెల తిరక్కుండా స్నానాల గదిలో పడింది. బరువు యంత్రానికి కండ, కొవ్వు, నీరు అన్నీ ఒకటే. కండ పోయినచోట కొవ్వు చేరితే ముల్లు కదలదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన 2007 నాటి ఒక అధ్యయనంలో కాళ్లలోనే దాదాపు కిలో కండ తగ్గింది. కుర్రాళ్లకు అది త్వరగా తిరిగొస్తుంది, పెద్దవాళ్లకు దానంతట అది రాదు. అందుకే పరీక్షలో తేడా కనబడితే గత ఏడాదిలో ఎన్ని రోజులు మంచం పట్టారో అడగండి. జ్వరం, కంటి ఆపరేషన్, నడుం పట్టేయడం, అన్నీ లెక్కే.

డాక్టరు కదలొద్దని చెప్పకపోతే జ్వరంలో కూడా భోజనం కుర్చీలోనే పెట్టండి. లేచాక, కుర్చీలో రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచి, రోజుకు మూడు పూటలా ఐదేసి సార్లు లేచి కూర్చోబెట్టండి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి. సులువనిపించాక ఒక్కో దిండు తీసేయండి, ఆ తర్వాత చేతిలో నీళ్ల బాటిల్ ఇవ్వండి. ఈ వయసులో ఏం లాభం అనొద్దు. 1990లో అమెరికాలో సగటున తొంభై ఏళ్లున్నవాళ్లకు ఎనిమిది వారాలు బరువులతో కాళ్ల వ్యాయామం చేయిస్తే బలం రెండింతలు దాటింది.

తిండి కూడా మారాలి. మన సంగటి మంచిదే, కానీ వంద గ్రాముల రాగుల్లో ప్రొటీన్ ఏడు గ్రాములే. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. అరవై కిలోల మనిషికి అది 60 నుంచి 72 గ్రాములు. గుడ్డులో ఆరు, వంద గ్రాముల ఉలవల్లో ఇరవై పైన ఉంటాయి. ఉలవల ఊరిబిండి పచ్చడి కాస్త ఎక్కువ వెయ్యండి, మూడు పూటలా ఏదో ఒకటి పడేలా చూడండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం డాక్టరును అడక్కుండా పెంచొద్దు.

థైరాయిడ్, విటమిన్ డి, బి12 తక్కువ కావడం, కొలెస్ట్రాల్ మాత్రలు కూడా కారణం కావొచ్చు. రక్తపరీక్షతో, డాక్టరు ఒక మాటతో తేలిపోతాయి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు.

ఒక పక్క చెయ్యి, కాలు ఒక్కసారిగా పడిపోతే కుర్చీ పరీక్ష పెట్టొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.