నాన్నకు నాలుగో స్టేజీ క్యాన్సర్, మీరు డల్లాస్‌లో: ఇక్కడి నుంచి చేయగలిగినవి

మొదట కాగితాలు. బయాప్సీ, ఐహెచ్‌సీ (బయాప్సీ ముక్కకు రంగులద్ది క్యాన్సర్ రకం తేల్చే పరీక్ష), పెట్ సీటీ రిపోర్టులు, రక్తపరీక్షలు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీ, అన్నీ స్కాన్ చేయించి తేదీలవారీగా ఒకే ఫోల్డర్లో పెట్టండి. స్కాన్ ఫిల్మును కిటికీకి ఆనించి తీసిన వాట్సాప్ ఫొటో చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. స్కాన్ సెంటర్లో డైకామ్ ఫైళ్లున్న (స్కాన్ అసలు బొమ్మలున్న) సీడీ అడిగి తీసుకోమనండి.

చాలామంది మర్చిపోయేవి బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు. తీసిన ముక్కను మైనంలో పొదిగి ల్యాబ్‌వాళ్లు దాచే దిమ్మలే ఈ బ్లాకులు. రెండో అభిప్రాయానికీ జన్యు పరీక్షలకూ అవే ఆధారం. ఉదాహరణకు ఊపిరితిత్తుల అడినోకార్సినోమా (ఊపిరితిత్తుల క్యాన్సర్లో ఒక రకం) అయితే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే, ఆర్‌ఓఎస్1 పరీక్షలు పంపారా అని కీమో ఎక్కించకముందే అడగండి. వాటిలో ఏదైనా పాజిటివ్ వస్తే కీమోకి బదులు రోజూ వేసుకునే మాత్రలతోనే వైద్యం మొదలుపెట్టే వీలుంటుంది. రెండో అభిప్రాయం కోసం నాన్నను ఊళ్లు తిప్పనక్కర్లేదు. టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ నిపుణుల అభిప్రాయం 'నవ్య' అనే సేవ ద్వారా ఆన్‌లైన్‌లోనే దొరుకుతుంది.

డాక్టరుతో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. అమెరికా నుంచి ఒకరు, బెంగళూరు నుంచి ఒకరు, మేనమామ ఒకరు విడివిడిగా ఫోన్లు చేస్తే తలా ఒక మాట వినపడుతుంది. చివరికి ఆస్పత్రి చుట్టూ తిరిగే తమ్ముడూ మరదలే మాటపడతారు. వాళ్లు డాక్టరు గదిలో ఉన్నప్పుడు మీరు ఫోన్లో చేరండి. హైదరాబాద్‌లో సాయంత్రం 5 గంటల ఓపీ అంటే డల్లాస్‌లో వేసవిలో ఉదయం 6:30, చలికాలంలో 5:30. అడగాల్సినవి మూడే: ఈ వైద్యం నయం చేయడానికా, అదుపులో పెట్టడానికా? పనిచేస్తోందని ఏ స్కాన్‌తో, ఎప్పుడు తెలుస్తుంది? పనిచేయకపోతే తర్వాతేమిటి?

డబ్బు అడిగితే పంపడం కాదు, నెల మొదట్లోనే తమ్ముడి ఖాతాలో వేయండి. అడగాల్సి రావడమే వాళ్లకు బరువు.

ఇంట్లో డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. కీమో తర్వాత మొదటి రెండు వారాల్లో తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 తాకిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికే వెళ్లాలి. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దామనుకుంటే జ్వరం అణగినట్టు కనిపిస్తుంది, లోపల ఇన్ఫెక్షన్ ముదిరిపోతుంది.

నొప్పి విషయంలో మాత్రం మొహమాటపడకండి. మార్ఫిన్ అనగానే 'ఇక ఆఖరు' అనుకుని ఇంట్లోవాళ్లే వద్దంటారు. ఆ భయం వల్ల నెలల తరబడి పడనక్కర్లేని బాధ పడినవాళ్లెందరో. మామూలు మార్ఫిన్ మాత్ర సాధారణంగా 4 గంటలకొకటి, నొప్పి తిరిగొచ్చేదాకా ఆగకుండా గడియారం చూసి వేయాలి. మలబద్ధకం దాదాపు తప్పదు కాబట్టి విరేచనానికి మందు కూడా మొదటిరోజు నుంచే రాయించుకోండి. 2014లో మత్తుమందుల చట్టం సడలించినా మార్ఫిన్ ప్రతి మందుల షాపులో దొరకదు, గుర్తింపు ఉన్న ఆస్పత్రుల్లోనే ఇస్తారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది. కీమో నడుస్తుండగానే అక్కడ చూపించవచ్చు.

'నాన్నకు చెప్పొద్దు' అనే మాట ప్రతి ఇంట్లోనూ వస్తుంది. చెప్పాలా వద్దా అని మీరు తేల్చకండి, ఆయన్నే అడగండి: "నాన్నా, రిపోర్టుల సంగతి నీకే చెప్పమంటావా, తమ్ముడితో మాట్లాడమంటావా?" చాలామందికి అప్పటికే తెలిసి ఉంటుంది, పిల్లల కోసం దాస్తుంటారు.

సెలవు: 50 మందికి తగ్గని కంపెనీలో ఏడాది, అందులో 1,250 గంటలు పనిచేసి ఉంటే ఎఫ్ఎంఎల్ఏ (అమెరికాలో కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద సాధారణంగా 12 వారాలు జీతం లేని సెలవు వస్తుంది. అవసరాన్ని బట్టి విడతలుగానూ వాడుకోవచ్చు. ఇండియా డాక్టరు సర్టిఫికెట్ చెల్లుతుంది. అత్తమామలకు వర్తించదు, ఎవరి తల్లిదండ్రుల కోసం వాళ్లే పెట్టుకోవాలి. హెచ్1బీ అయితే టికెట్ కొనేముందు వీసా స్టాంపు తేదీ చూసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? ఒక ప్రయాణం ఇప్పుడే, ఆయన కూర్చుని మీతో అన్నం తినగలిగినప్పుడే పెట్టుకోండి. రెండోదానికి, ఇంకా ఎంతకాలం ఉందో అంచనా వేయడానికి పాలియేటివ్ డాక్టర్లు వాడే కొలత ఒకటుంది. నెలనెలకూ మార్పు కనిపిస్తుంటే నెలలు, వారవారానికీ దిగజారుతుంటే వారాలు, రోజురోజుకూ అయితే రోజులు. ప్రతి ఆదివారం తమ్ముణ్ణి ఒకే ప్రశ్న అడగండి: పోయిన వారం బాత్రూమ్ దాకా నడిచాడా, ఈ వారం నడిచాడా? జవాబు మారిన వారమే బయల్దేరండి.