బ్రిటన్‌లో రిలీజియస్ స్టడీస్ డిగ్రీకి దరఖాస్తు చేసే విధానం

మతాన్ని యూనివర్సిటీలో చదవడమంటే పూజారో పాస్టరో అవ్వడానికి తయారవ్వడం కాదు. ఈ ఒక్క సంగతి తెలియక దరఖాస్తును పాడుచేసుకునేవాళ్లు ఉన్నారు. అందుకే ఫారం జోలికి వెళ్లేముందు కోర్సు పేరు చూడండి.

ఆక్స్‌ఫర్డ్, డరమ్ యూనివర్సిటీల్లో ఈ కోర్సును థియాలజీ అండ్ రిలీజియన్ అంటారు. కేంబ్రిడ్జ్‌లో దీనికి ఫిలాసఫీ ఆఫ్ రిలీజియన్ కూడా కలుస్తుంది. ఎడిన్‌బరాలో రిలీజియస్ స్టడీస్ అనే పేరుతోనే ఉంది. థియాలజీలో ఎక్కువగా క్రైస్తవ గ్రంథాలు, సిద్ధాంతం, చర్చి చరిత్ర ఉంటాయి. రిలీజియస్ స్టడీస్‌లో ఏ మతాన్నైనా చరిత్రకారుడిలా, సమాజ శాస్త్రవేత్తలా బయటినుంచి చూస్తారు. బ్రిటన్‌లో ఆ పేరుతో తొలి శాఖ 1967లో లాంకాస్టర్ యూనివర్సిటీలో నినియన్ స్మార్ట్ అనే మతాధ్యయన పండితుడి చేతుల మీదుగా మొదలైంది. మతాన్ని నమ్మకం ఒక్కటిగానే కాకుండా కర్మకాండ, కథ, అనుభవం, నీతి, సంఘం, కట్టడాలు, వస్తువులు ఇలా అన్ని వైపులనుంచీ చూడాలన్నది ఆయన పద్ధతి. అయితే ఇప్పుడు రెండూ బాగా కలిసిపోయాయి. పేరు చూసి మోసపోకుండా మూడేళ్లలో ఏ పేపర్లు ఉన్నాయో చదవండి (స్కాట్లాండ్‌లో ఆనర్స్ డిగ్రీకి నాలుగేళ్లు). సంస్కృతమో, హీబ్రూనో, అరబిక్‌నో నేర్పే చోట్లూ ఉన్నాయి. అది కావాలో వద్దో ముందే తేల్చుకుంటే మంచిది.

దరఖాస్తు మొత్తం యూకాస్ (బ్రిటన్ యూనివర్సిటీల దరఖాస్తులు తీసుకునే ఉమ్మడి సంస్థ) ద్వారానే. ఆన్‌లైన్‌లో ఖాతా తెరిచి ఒకే ఫారంతో ఐదు కోర్సుల వరకు ఎంచుకోవచ్చు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో ఒకే ఏడాది ఒకదానికే వీలుంటుంది. మీరు ఇంకెక్కడెక్కడ పెట్టారో ఒక యూనివర్సిటీకి కనబడదు, కాబట్టి ఏది ముందు రాయాలా అన్న టెన్షన్ వద్దు. చదువు వివరాలు సర్టిఫికెట్ మీద ఎలా ఉన్నాయో అలాగే ఎక్కించండి. ఫలితాలు రాని పరీక్షలనూ వదలకూడదు.

అసలు పని పర్సనల్ స్టేట్‌మెంట్, అంటే మీ గురించి మీరే రాసుకునే వివరణ దగ్గర ఉంది. 2026 ప్రవేశాల నుంచి దీన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ సబ్జెక్టు ఎందుకు, మీ చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. మూడింటికీ కలిపి, ఖాళీలతో సహా 4000 అక్షరాలు దాటకూడదు. ఒక్కోదానికి కనీసం 350 ఉండాలి. ఐదు చోట్లకూ వెళ్లేది ఈ ఒక్క స్టేట్‌మెంటే కాబట్టి ఏ యూనివర్సిటీ పేరూ ఎత్తకండి.

ఇక్కడ చాలామంది చేతికొచ్చే మొదటి వాక్యం 'చిన్నప్పటి నుంచి నాకు దైవభక్తి ఎక్కువ' అని. అందులో తప్పేమీ లేదు, కానీ చదివే ప్రొఫెసర్‌కు దానివల్ల తెలిసేదీ ఏమీ లేదు. దాని బదులు ఇలా మొదలుపెట్టండి: 'ఒకే సమాధి దగ్గరికి రెండు మతాలవాళ్లూ వచ్చి మొక్కుకుంటారు. ఆ సమాధి గురించి ఇద్దరూ చెప్పే కథలు వేరు. ఏది నిజమన్నదానికన్నా రెండో కథ ఎప్పుడు, ఎందుకు పుట్టిందన్నది నన్ను పట్టుకుంది.' ఇందులో ఒక ప్రశ్న ఉంది, ఆ ప్రశ్నను వెతికే దారీ ఉంది. తర్వాత ఏం చదివారు, అందులో దేనితో మీరు ఒప్పుకోలేదు అన్నది రాస్తే సగం పని అయిపోయినట్టే. ఆస్తికులా నాస్తికులా అన్నది వాళ్లకు అక్కర్లేదు. నెట్‌లో దొరికిన స్టేట్‌మెంట్ దించితే మాత్రం పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌లో దొరికిపోతారు, సంగతి యూనివర్సిటీలకూ తెలుస్తుంది.

రిఫరెన్స్, అంటే మీ గురించి వేరొకరు రాసే లేఖ, మామూలుగా మీకు పాఠం చెప్పిన టీచర్ రాస్తారు. సబ్జెక్టు మతం కదా అని మత గురువును అడగాలనిపించవచ్చు. కానీ అక్కడ చూసేది మీ చదువునే, నడవడికను కాదు. బంధువులు, స్నేహితులు అసలే పనికిరారు. రిఫరెన్స్ కోసం ఫారం ఆగిపోకుండా టీచర్‌ను నెల ముందే కదపండి.

గడువు విషయానికొస్తే, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లకు అక్టోబర్ 15 సాయంత్రం 6 గంటలు. మిగతా వాటిలో చాలావరకు జనవరిలో. 2026 ప్రవేశాలకైతే అది జనవరి 14. గంటలన్నీ బ్రిటన్ టైమ్ ప్రకారమే. కొన్నిచోట్ల మీరు స్కూల్లో రాసిన వ్యాసం పంపమంటారు, ఇంటర్వ్యూ పెడతారు. ఇంటర్వ్యూలో ఒక చిన్న పేరా ఇచ్చి దానిమీద మాట్లాడించడం మామూలే. తెలియనిది తెలియదని చెప్పి, అక్కడే ఆలోచించి చూపించండి.

జవాబులు యూకాస్ ఖాతాలోనే వస్తాయి. మార్కుల షరతుతో ఇచ్చే ఆఫరే ఎక్కువ. వచ్చినవాటిలో ఒకదాన్ని ఫర్మ్‌గా (మొదటి ఎంపికగా), కాస్త తక్కువ మార్కులడిగే మరోదాన్ని ఇన్సూరెన్స్‌గా (అది తప్పితే పనికొచ్చేదిగా) పెట్టుకుని మిగతావి వదులుకోవాలి. చెప్పిన తేదీలోపు జవాబివ్వకపోతే ఆఫర్లు వాటంతటవే రద్దవుతాయి. ఐదుచోట్లా కాదన్నా వేసవి దాకా ఎక్స్‌ట్రా (ఒక్కో కోర్సుకు అదనంగా దరఖాస్తు చేసే వీలు), జులై నుంచి క్లియరింగ్ (మిగిలిన సీట్లు నింపే దశ) ఉంటాయి. క్లియరింగ్‌లో మీరే యూనివర్సిటీకి ఫోన్ చేసి మాట్లాడాలి. వాళ్లు సరేనన్నాకే ఆ కోర్సును మీ ఖాతాలో ఎక్కించాలి.