రికార్డింగ్ మధ్యలో ఆగిపోతోందా? డ్రైవ్‌లో లోపం పట్టుకునే తీరు

సమస్య: చెన్నై వడపళనిలోని మా రికార్డింగ్ గదిలో ఒక కీర్తన రికార్డు చేస్తుండగా, మృదంగం తని ఆవర్తనం (ఒంటరి వాయింపు) సరిగ్గా ముగింపు విన్యాసమైన మోరాకు చేరుతున్న క్షణాన, డిస్క్ వేగం చాలడం లేదన్న సందేశం వచ్చి రికార్డింగ్ ఆగిపోయింది. ఊడదీసిన పెన్ డ్రైవ్ వేలికి చురుక్కుమనేంత వేడిగా ఉంది. విద్వాంసులు ఓపికగా మళ్లీ వాయించారు కానీ మొదటిసారి కుదిరిన పట్టు రెండోసారి కుదరలేదు. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

కారణం: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్‌కు (ఒక మైకు ధ్వనికి) సెకనుకు 144 కిలోబైట్లు చాలు, 16 ట్రాక్‌లు కలిపినా అది సుమారు 2.3 మెగాబైట్లే. అంత తక్కువే కదా అని డ్రైవ్ పెట్టె మీద అచ్చువేసిన వేగం చూసి మోసపోకూడదు. 16 ఫైళ్లను ఒకేసారి చిన్న చిన్న ముక్కలుగా రాయవలసి వచ్చినప్పుడు చాలా పెన్ డ్రైవ్‌లు మధ్యమధ్య కాసేపు స్తంభించిపోతాయి, ఆ లోపు బఫర్ (రాయాల్సిన డేటా వేచి ఉండే తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది. తిరిగే హార్డ్ డిస్క్ కొంత నయమే అయినా, మిక్సింగ్‌లో ఎన్నో ట్రాక్‌ల కోసం దాని హెడ్ (డేటా చదివే ముల్లు) అటూ ఇటూ పరుగెత్తాలి. పైగా దాని చప్పుడు మైకులో పడుతుంది.

పరిష్కారం: రికార్డింగుకూ మిక్సింగుకూ ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీనే (తిరిగే భాగాలు లేని, బయట తగిలించే డ్రైవ్‌నే) వాడండి, హార్డ్ డిస్క్‌ను బ్యాకప్‌కు ఉంచండి, పెన్ డ్రైవ్‌ను ఫైళ్లు చేరవేయడానికే పరిమితం చేయండి. కళాకారులు రాకముందే అన్ని ట్రాక్‌లనూ ఒక గంట ఖాళీగా రికార్డు చేసి చూడండి.

సమస్య: ఎస్‌ఎస్‌డీ కొన్నా కాపీ వేగం సెకనుకు 40 మెగాబైట్లు దాటడం లేదు.

కారణం, పరిష్కారం: తప్పు సాధారణంగా కేబుల్‌ది. ఫోన్ ఛార్జింగ్ కోసం ఇచ్చే టైప్-సి కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 వేగమే ఉంటుంది. చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగేటప్పుడు కనీసం 5 గిగాబిట్ల డేటా కేబుల్ కావాలని స్పష్టంగా చెప్పండి. హబ్ తీసేసి, నేరుగా కంప్యూటర్‌కే తగిలించండి.

సమస్య: 16 చానెళ్లూ ఒకే ఫైలుగా రాసే రికార్డర్‌లో కచేరీ 31 నిమిషాల దగ్గర ఆగిపోతోంది.

కారణం, పరిష్కారం: ఫ్యాట్32 అనే డ్రైవ్ ఫార్మాట్‌లో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటదు; పై లెక్కన 16 చానెళ్లకు అది 31 నిమిషాల్లో నిండుతుంది. డ్రైవ్‌లో ఉన్నదంతా వేరేచోట భద్రపరచి ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి. మామూలు వేవ్ ఫైలుకూ అదే హద్దు ఉంది కనుక రికార్డర్‌లో ఆ హద్దు లేని ఆర్‌ఎఫ్64 ఫైలు రకాన్ని ఎంచుకోండి, అది లేకపోతే ఫైలును భాగాలుగా విడగొట్టే సెట్టింగ్‌ను ఆన్ చేయండి.