నంబర్ ప్యాడ్‌లో చుక్క పడాలా, కామా పడాలా: దశాంశ మీటను సరిచేసుకునే విధానం

జర్మనీలో కొన్న కీబోర్డు నంబర్ ప్యాడ్‌లో సున్నాకు కుడిపక్కన ఉన్న మీట మీద చుక్క ఉండదు, కామా ఉంటుంది. అక్కడ దశాంశానికి కామా వాడతారు కాబట్టి మనం పన్నెండు పాయింట్ ఐదు అనేదాన్ని వాళ్లు 12,5 అని రాస్తారు, నోటితోనూ ‘కామా’ అనే పలుకుతారు. తూనికలు, కొలతల అంతర్జాతీయ సర్వసభ్య సమావేశం 2003లో రెండు పద్ధతులనూ ఆమోదించింది కనుక ఇందులో ఒకటి ఒప్పు, ఇంకొకటి తప్పు అని ఏమీ లేదు. అయితే చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన మనవాళ్లు రౌటర్ చిరునామా కోసం నంబర్ ప్యాడ్ మీద 192.168.1.1 అని కొట్టబోతే తెర మీద 192,168,1,1 అని పడుతుంది.

ఈ మీటకు తనంతట తానుగా చుక్కా తెలియదు, కామా తెలియదు. దాని మీద ఏ గుర్తు అచ్చయి ఉన్నా కంప్యూటరుకు అది పంపేది ఒకే సంకేతం. ఆ సంకేతాన్ని ఏ అక్షరంగా మార్చాలో మొదట కీబోర్డు లేఅవుట్ నిర్ణయిస్తుంది. సంఖ్యలో ఏ గుర్తును దశాంశంగా తీసుకోవాలో విండోస్‌లోని రీజియన్ సెట్టింగ్ చెబుతుంది. ఆ పైన ఎక్సెల్ వంటి ప్రోగ్రాములు సొంత నిర్ణయం కూడా తీసుకుంటాయి. ఉదాహరణకు, విండోస్‌లోని ఫ్రెంచ్ లేఅవుట్‌లో ఈ మీట చుక్కనే ఇస్తుంది, కానీ ఫ్రాన్సులో దశాంశ చిహ్నం కామా కనుక ఎక్సెల్ ఆ మీటను గుర్తుపట్టి గడిలో కామా వేస్తుంది.

కాబట్టి ఏదైనా మార్చే ముందు, తేడా ఎక్కడ ఉందో తేల్చుకోవాలి. నమ్ లాక్ వెలిగి ఉందో లేదో చూసుకుని (ఆరిపోయి ఉంటే ఇదే మీట డిలీట్‌గా పనిచేస్తుంది) నోట్‌ప్యాడ్ తెరిచి ఆ మీట నొక్కండి. అక్కడ పడినది లేఅవుట్ ఇచ్చిన అక్షరం. తరువాత ఎక్సెల్‌లో ఖాళీ గడిలో అదే మీటతో పన్నెండున్నర కొట్టి ఎంటర్ నొక్కండి. అంకె గడిలో కుడివైపుకు జరిగితే ఎక్సెల్ దాన్ని సంఖ్యగా తీసుకున్నట్టు, ఎడమవైపే ఉండిపోతే వట్టి అక్షరాలుగా చూసినట్టు.

నోట్‌ప్యాడ్‌లోనే కామా పడుతుంటే, సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, ఆపై లాంగ్వేజ్ అండ్ రీజియన్‌కు వెళ్లి, భాష పక్కనున్న ఆప్షన్స్‌లో ఇంగ్లీషు వంటి మరో కీబోర్డును చేర్చుకుని, విండోస్ మీటను పట్టుకుని స్పేస్ నొక్కుతూ లేఅవుట్ మార్చుకోవచ్చు. ఇది తేలికే గానీ నాకు నచ్చదు, ఎందుకంటే ఒక్క చుక్క కోసం వై, జెడ్ మీటలు తారుమారవుతాయి, జర్మన్ అక్షరాలూ పోతాయి. దీనికన్నా మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లోని కీబోర్డ్ మేనేజర్ మేలు. అందులో ‘రీమ్యాప్ ఎ కీ’ ఎంచుకుని, మొదటి గడికి నంబర్ ప్యాడ్ దశాంశ మీటను, రెండో గడికి మామూలు చుక్క మీటను చూపించి ఓకే నొక్కితే, ఆ ఒక్క మీట తప్ప మరేదీ మారదు. పవర్‌టాయ్స్ వెనకాల నడుస్తున్నంతసేపే ఇది పనిచేస్తుంది.

అయితే ఈ మార్పు ఎక్సెల్‌కూ వర్తిస్తుంది. జర్మన్ సెట్టింగులున్న ఎక్సెల్‌లో 12.5 అని పడితే అది పన్నెండున్నర కాదు, మే 12వ తేదీ అయి కూర్చుంటుంది, ఎందుకంటే జర్మన్లు తేదీలో రోజుకూ నెలకూ మధ్య చుక్క పెడతారు. అందుచేత రోజంతా జర్మన్ లెక్కలు వేసేవారు ఈ మీట జోలికి పోకుండా, చుక్క కావలసినప్పుడు అక్షరాల మధ్యనున్న చుక్క మీటనే వాడుకోవడం మంచిది. కోడు, పైన చెప్పిన రౌటర్ చిరునామా వంటి ఐపీ చిరునామాలు కొట్టేవారికి మాత్రం రీమ్యాప్ పనికొస్తుంది.

హైదరాబాదులో కూర్చుని జర్మన్ కంపెనీల లెక్కలు చూసేవారికి చిక్కు ఎదురు దిశలో వస్తుంది. కాగితం మీదున్న 1,250 కిలోలను, అంటే ఒకటింపావు కిలోను, భారతీయ సెట్టింగులున్న ఎక్సెల్‌లో చూసింది చూసినట్టు కొడితే అది ఏ హెచ్చరికా లేకుండా పన్నెండువందల యాభై అవుతుంది. అలాంటి పని ఉన్న రోజున ఎక్సెల్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌కు వెళ్లి ‘యూజ్ సిస్టమ్ సెపరేటర్స్’ దగ్గర టిక్ తీసేసి, డెసిమల్ గడిలో కామా, థౌజండ్స్ గడిలో చుక్క పెట్టుకోవాలి. ఇది తెరిచిన ఒక్క ఫైలుకే కాక అన్నిటికీ వర్తిస్తుంది కనుక పని కాగానే టిక్ మళ్లీ పెట్టేయాలి.

ఎక్సెల్ వంటి పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్‌లో ఈ గొడవ తక్కువ. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగం తెరిస్తే ‘డెసిమల్ సెపరేటర్ కీ’ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ టిక్ ఉంటే నంబర్ ప్యాడ్ మీట ఆ ప్రాంతపు దశాంశ చిహ్నాన్ని వేస్తుంది, తీసేస్తే లేఅవుట్ ఏమిస్తే అది పడుతుంది.

లినక్స్ వాడేవారికి వేరే సాఫ్ట్‌వేర్ వెతుక్కునే పని దాదాపు ఉండదు. లినక్స్ డెస్క్‌టాప్‌లలో నోమ్ అనేదాన్ని వాడేవారు ట్వీక్స్ అనే ప్రోగ్రాములోనూ, కేడీఈ అనేదాన్ని వాడేవారు సిస్టమ్ సెట్టింగ్స్‌లోనూ కీబోర్డు అదనపు ఎంపికలు తెరిచి, నంబర్ ప్యాడ్ డిలీట్ మీటకు సంబంధించిన భాగంలో చుక్క కావాలంటే ‘లెగసీ కీ విత్ డాట్’, కామా కావాలంటే ‘లెగసీ కీ విత్ కామా’ ఎంచుకుంటే చాలు.