సీమెన్స్ ఎస్7-300 మీద ఎర్ర లైటు: ఏది వెలిగితే ఎక్కడ వెతకాలి

లైను ఆగిందని ఫోన్ వస్తుంది. ప్యానెల్ తలుపు తీస్తే యంత్రాలను నడిపే సీమెన్స్ ఎస్7-300 కంట్రోలర్ (పీఎల్‌సీ) సీపీయూ మీద ఎర్ర లైటు. చాలా ప్లాంట్లలో ముందు చేసే పని ఎంసీబీ (ప్యానెల్‌కు కరెంటిచ్చే బ్రేకర్) దించి మళ్ళీ ఎత్తడం. ఒక్కోసారి లైను నడుస్తుంది కూడా. కానీ లైట్లు ఎలా ఉన్నాయో ఎవరూ చూడలేదు కాబట్టి అసలు తప్పు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, ఇంకో రాత్రి షిఫ్టులో మళ్ళీ బయటపడుతుంది. కరెంటు తీయకముందు, కీ తిప్పకముందు లైట్లు చదవండి, డయాగ్నస్టిక్ బఫర్ (సీపీయూ తనలో రాసుకునే సంఘటనల చిట్టా) చూడండి. ఈ కంట్రోలర్‌ను 2023 అక్టోబరు నుంచి సీమెన్స్ విడిభాగంగా మాత్రమే అమ్ముతోంది, అదీ 2033 వరకే. ఉన్నవాటిని ఇంకా చాలా ఏళ్ళు మనమే నడపాలి గనుక అంచనాల మీద మాడ్యూళ్ళు మార్చుకుంటూ పోలేం.

ముందు ఫోన్‌తో కొన్ని సెకన్ల వీడియో తీసుకోండి. ఫొటో చాలదు, ఎందుకంటే నిలకడగా వెలిగే లైటుకూ ఆరి వెలిగే లైటుకూ అర్థం వేరు. పవర్ సప్లై నుంచి చివరి మాడ్యూలు దాకా అన్నీ వీడియోలో పడాలి.

లక్షణం: ఏ లైటూ లేదు, లేదా డీసీ 5వీ ఆకుపచ్చ లైటు ఆరిపోయింది

ఇది సీపీయూ తప్పు అయ్యే అవకాశం తక్కువ. పీఎస్ 307 పవర్ సప్లై మీద లైటు చూడండి. అది ఆరి వెలుగుతుంటే లోడు ఎక్కువైందని, ఇన్‌పుట్ కరెంటు ఉండి కూడా పూర్తిగా ఆరిపోతే అవుట్‌పుట్ వైపు షార్ట్ ఉండొచ్చని అర్థం. సీపీయూ టెర్మినల్ దగ్గర మీటరు పెట్టి కొలవండి, 20.4 నుంచి 28.8 వోల్టుల మధ్య ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు 24 చూపించి, సోలనాయిడ్లు పడగానే దిగిపోయే సప్లైలు ఉంటాయి కాబట్టి లోడు మీద కొలవాలి. షార్ట్ అనిపిస్తే ఫీల్డుకు వెళ్ళే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ పోండి. ఏ ఫ్యూజు తీసినప్పుడు సప్లై కోలుకుందో ఆ వైరు వెంట వెళ్తే కాలిన కాయిలో, నలిగిన కేబులో దొరుకుతుంది.

లక్షణం: ఎస్ఎఫ్ (సిస్టం లోపం) ఎరుపు, స్టాప్ పసుపు

ల్యాప్‌టాప్ పెట్టి సిమాటిక్ మేనేజర్‌లో (సీమెన్స్ ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్) మాడ్యూల్ ఇన్ఫర్మేషన్ తెరిచి, డయాగ్నస్టిక్ బఫర్ ట్యాబ్‌కు వెళ్ళండి. కంట్రోల్, డీ కలిపి నొక్కినా అదే తెరుచుకుంటుంది. పై వరుసలో సీపీయూ స్టాప్‌లోకి వెళ్ళిందని ఉంటుంది. అక్కడితో ఆగిపోవద్దు. అసలు కారణం సాధారణంగా దాని కింది ఒకటి రెండు వరుసల్లో ఉంటుంది. సీపీయూ గడియారం ఇప్పుడు ఎంత చూపిస్తోందో కూడా రాసుకోండి. చాలా ప్యానెళ్ళలో ఆ గడియారాన్ని ఏళ్ళ తరబడి ఎవరూ సరిచేయరు. ఆ తేడా తెలియకపోతే బఫర్‌లోని సమయాన్ని ఆపరేటర్ చెప్పే సమయంతో పోల్చలేం.

బఫర్‌లో ప్రోగ్రామింగ్ ఎర్రర్ అని ఉంటే ఓపెన్ బ్లాక్ బటన్ నొక్కండి, ప్రోగ్రాంలో తప్పు జరిగిన నెట్‌వర్క్ (ప్రోగ్రాం ముక్క) దగ్గరికే తీసుకెళ్తుంది. లేని డేటా బ్లాకును పిలవడం, పాయింటర్ హద్దు దాటడం ఇక్కడ ఎక్కువగా కనిపిస్తాయి. నిన్న ఎవరైనా ప్రోగ్రాం మార్చారా అని అడగడం కూడా పరీక్షలో భాగమే. సైకిల్ టైం (ప్రోగ్రాం ఒక చుట్టు పూర్తిచేసే సమయం) దాటిందని ఉంటే మామూలు హద్దు 150 మిల్లీసెకన్లు. లూపు ఎక్కడ చిక్కుకుందో చూడకుండా ఆ అంకెను పెంచవద్దు.

మూడోది, చాలామంది దాటేసేది: తప్పు ఫీల్డులో చిన్నదే, కానీ దాన్ని అందుకునే ఆర్గనైజేషన్ బ్లాకు (ఓబీ, ఆ తప్పు రాగానే సీపీయూ నడిపే ప్రోగ్రాం ముక్క) సీపీయూలో లేదు. మాడ్యూలు డయాగ్నస్టిక్ అలారం ఇస్తే ఓబీ 82, రిమోట్ స్టేషన్ పోతే ఓబీ 86, ఇన్‌పుట్ అవుట్‌పుట్ అందకపోతే ఓబీ 122 కావాలి. అవి లేకపోతే ఒక్క ట్రాన్స్‌మిటర్ (కొలతను కరెంటు సిగ్నల్‌గా పంపే పరికరం) వైరు తెగినా ప్లాంటు మొత్తం ఆగిపోతుంది. ఖాళీ బ్లాకు ఎక్కిస్తే సీపీయూ ఆగదు. అయితే ఖాళీ ఓబీ 86 పెట్టి వదిలేస్తే, పోయిన స్టేషన్ సిగ్నళ్ళు ఉన్నాయనుకునే ప్రోగ్రాం ముందుకు నడుస్తుంది. ఆ బ్లాకులో కనీసం ఒక అలారం బిట్టయినా పెట్టి, ఆ స్టేషన్ మీద ఆధారపడే మోటార్లను ఆపించాలి. ఓబీ 121ను మాత్రం ఖాళీగా ఎక్కించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. అది ప్రోగ్రాంలోని తప్పులనే కప్పేస్తుంది.

కీని మళ్ళీ రన్‌కు తిప్పేముందు కన్వేయర్ల దగ్గర, మిక్సర్ల దగ్గర మనుషులెవరూ లేరని ఖాయం చేసుకోండి. స్టాప్ నుంచి బయటికి రాగానే ఏ మోటారు కదులుతుందో ప్రోగ్రాం రాసినవారికి తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు.

లక్షణం: ఎస్ఎఫ్ ఎరుపు, కానీ రన్ ఆకుపచ్చగానే ఉంది

సీపీయూ పని చేస్తోంది, ఏదో మాడ్యూలు ఫిర్యాదు చేస్తోంది. పక్క వరుసలో ఏ మాడ్యూలు మీద ఎర్ర లైటుందో చూడండి. చాలాసార్లు అది ఎస్ఎం 331 అనలాగ్ ఇన్‌పుట్ కార్డే అవుతుంది. 4–20 మిల్లీయాంప్ సిగ్నల్‌లో 4కు పీఎల్‌సీ లోపలి అంకె 0, 20కి 27648 రావాలి. వైరు తెగితే 32767 దగ్గర నిలిచిపోతుంది. స్క్రీన్ మీద ట్యాంకు లెవెల్ నూరు శాతం దాటి కదలకుండా ఉంటే ఇదే.

లూపులో మీటరు సిరీస్‌గా పెట్టండి. కరెంటు సున్నా ఉంటే ట్రాన్స్‌మిటర్ టెర్మినళ్ళ మీద వోల్టేజి కొలవండి. అక్కడ వోల్టేజి ఉండి కరెంటు లేకపోతే ట్రాన్స్‌మిటర్ పోయింది. వోల్టేజే లేకపోతే ఫ్యూజు టెర్మినల్, జంక్షన్ బాక్సు, కేబులు వరుసగా చూడాలి. వానాకాలంలో ముందు జంక్షన్ బాక్సు మూతే తీయండి. గ్లాండ్ (కేబులు లోపలికి వెళ్ళే బిగింపు) బిగించని చోటు నుంచి దిగిన నీరు అడుగున నిలిచి, టెర్మినల్ స్క్రూలకు పచ్చని తుప్పు పట్టి ఉంటుంది. తుడిచి బిగించి ఊరుకోకుండా, గ్లాండ్‌ను బాక్సు కింది వైపుకు మార్పిస్తే మళ్ళీ రాదు.

మీటరులో 12 మిల్లీయాంప్ సరిగ్గా వస్తూ కూడా పీఎల్‌సీలో తప్పుడు విలువ ఉంటే, కార్డు పక్కన గుచ్చి ఉండే చిన్న రేంజ్ మాడ్యూలును చూడండి. దాని మీద ఏ, బీ, సీ, డీ అక్షరాలుంటాయి. రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్‌కు డీ, నాలుగు వైర్లదానికి సీ. కొత్త కార్డు బీలో వస్తుంది, అది వోల్టేజి సిగ్నల్ కోసం. కార్డు మార్చాక కూడా తప్పు పోలేదంటే చాలాసార్లు ఇదే కారణం. తప్పు స్థానంలో ఉంచితే కార్డే పాడయ్యే ప్రమాదం ఉంది. వాడని ఛానెళ్ళను హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్‌లో డీయాక్టివేట్ చేయండి, లేకపోతే అవి కూడా వైరు తెగిందని అరుస్తాయి.

లక్షణం: బీఎఫ్ (బస్ లోపం) ఎరుపు

బీఎఫ్ ఆరి వెలుగుతుంటే ప్రొఫిబస్ (సీపీయూను దూరపు ప్యానెళ్ళతో కలిపే కేబులు నెట్‌వర్క్) మీద ఏదో ఒక స్లేవ్ (ఆ దూరపు స్టేషన్) అందడం లేదు. నిలకడగా వెలిగితే బస్సే దెబ్బతిన్నట్టు: షార్ట్, తెగిన కేబులు, ఊడిన కనెక్టర్. ఆన్‌లైన్‌లో హార్డ్‌వేర్ కాన్ఫిగరేషన్ తెరిస్తే పోయిన స్టేషన్లు ఎర్ర గుర్తుతో కనిపిస్తాయి.

ఒక్కటే పోతే ఆ ప్యానెల్‌కు వెళ్ళండి. ఐఎం 153 (స్టేషన్‌ను బస్‌కు కలిపే మాడ్యూలు) మీద ఆన్ లైటు లేకపోతే అక్కడ 24 వోల్టులు పోయాయి. లైటు ఉంటే అడ్రస్ స్విచ్చులు సరిచూడండి. స్విచ్చు మార్చాక ఆ స్టేషన్‌కు కరెంటు తీసి ఇస్తేనే కొత్త అడ్రస్ పడుతుంది.

ఒక స్టేషన్ నుంచి మొదలుపెట్టి దాని తర్వాతవన్నీ పోతే ఆ హద్దు దగ్గరున్న కనెక్టరే దోషి. కనెక్టర్ మీది టెర్మినేషన్ స్విచ్చు (బస్ చివర ఉండాల్సిన రెసిస్టర్లను కలిపేది) లైనుకు రెండు చివర్లలో మాత్రమే ఆన్‌లో ఉండాలి. మధ్యలో దాన్ని ఆన్ చేస్తే అక్కడి నుంచి బయటికి వెళ్ళే కేబులు తెగిపోయినట్టే. సర్వీసుకు వచ్చినవారి వేలు తగిలి మారిన స్విచ్చులు కూడా ఉంటాయి. కరెంటు తీసి, కనెక్టర్లన్నీ పరికరాల నుంచి ఊడదీసి, 3, 8 పిన్నుల మధ్య కొలవండి. రెండు చివర్లూ సరిగ్గా ఉంటే 110 ఓములకు దగ్గరగా, కేబులు పొడవును బట్టి కాస్త ఎక్కువగా వస్తుంది. 220 వస్తే ఒక చివరే కనిపిస్తోంది. సున్నాకు దగ్గరైతే ఆకుపచ్చ, ఎరుపు వైర్లు ఎక్కడో కలిశాయి, లేదా షీల్డ్ పోగులు రెంటికీ తగులుతున్నాయి.

చివరి స్టేషన్ టెర్మినేషన్‌కు కావాల్సిన 5 వోల్టులు ఆ పరికరమే ఇస్తుంది. అందుకే ఆ చివరి ప్యానెల్‌ను మెయింటెనెన్స్‌కు ఆపితే, దానితో సంబంధం లేని మధ్య స్టేషన్లు కూడా వచ్చి పోతుంటాయి. దానికి విడిగా కరెంటు తీసుకునే యాక్టివ్ టెర్మినేటర్ పెట్టడమే మందు.

పెద్ద మోటారు స్టార్టయినప్పుడే బీఎఫ్ మినుకుమంటే నాయిస్‌ను (విద్యుత్ అలజడిని) అనుమానించండి. డ్రైవ్ కేబులూ ఊదారంగు బస్ కేబులూ ఒకే ట్రేలో పోతున్నాయేమో, కనెక్టర్ లోపల షీల్డ్ లోహాన్ని తాకుతోందో లేదో చూడండి. పొడవూ లెక్కే: 1.5 ఎంబీపీఎస్ వేగంలో ఒక సెగ్మెంట్ 200 మీటర్లు, 500 కేబీపీఎస్‌లో 400, 187.5లో 1000. కొత్త ప్యానెల్ చేర్చినప్పుడు ఈ హద్దు దాటేసి ఉండొచ్చు. రిపీటర్ (సిగ్నల్‌ను మళ్ళీ బలపరిచే పరికరం) పెట్టాలి, లేదా వేగం తగ్గించాలి.

లక్షణం: స్టాప్ లైటు నెమ్మదిగా ఆరి వెలుగుతోంది

సీపీయూ మెమరీ రీసెట్ అడుగుతోంది. కరెంటు ఉండగా ఎంఎంసీ (ప్రోగ్రాం ఉండే మెమరీ) కార్డు లాగినా, కార్డు పాడైనా ఇలా వస్తుంది. సీపీయూ మీది స్విచ్చును ఎంరెస్ (మెమరీ రీసెట్) స్థానానికి నొక్కి, స్టాప్ లైటు రెండోసారి వెలిగి నిలిచేదాకా పట్టుకుని వదలండి. మూడు సెకన్లలోపే మళ్ళీ ఎంరెస్‌కు నొక్కండి. లైటు వేగంగా కొట్టుకుని నిలకడ అయితే రీసెట్ అయినట్టు. ప్రోగ్రాం కార్డు నుంచి తిరిగి వస్తుంది. కానీ రన్నింగులో మారిన డేటా బ్లాకు విలువలు, అంటే సెట్ పాయింట్లు, టోటలైజర్ లెక్కలు, పోతాయి. అవి ఆపరేటర్ లాగ్ బుక్కులో ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఆ కార్డును విండోస్ రీడర్‌లో పెట్టి ఫార్మాట్ చేయవద్దు, మళ్ళీ సీపీయూకు పనికిరాదు.

పసుపు ఫోర్స్ లైటు వెలిగితే అది లోపం కాదు, ఎవరో ఒక ఇన్‌పుట్‌నో అవుట్‌పుట్‌నో బలవంతంగా పట్టి ఉంచారు. ఇంటర్‌లాకు (ప్రమాదం జరగకుండా ప్రోగ్రాంలో పెట్టిన అడ్డు) దాటవేసి మరచిపోయి ఉంటే ప్రమాదం కాబట్టి ఏ బిట్టో చూసి, ఎందుకు పెట్టారో అడిగి తీయండి.

కొత్త ప్యానెళ్ళలో వచ్చే ఎస్7-1200లో లైట్లు మూడే. ఎర్రర్ లైటు ఎరుపులో ఆరి వెలిగితే కార్డు తప్పో, కాన్ఫిగర్ చేసిన మాడ్యూలుకూ పెట్టినదానికీ తేడా ఉండడమో ఉంటుంది. మెయింట్ (మెయింటెనెన్స్) లైటు ఫోర్స్ ఉన్నప్పుడు కూడా వెలుగుతుంది. వెబ్ సర్వర్ ఆన్ చేసి ఉంటే సాఫ్ట్‌వేర్ లేకుండానే బ్రౌజర్‌లో డయాగ్నస్టిక్ బఫర్ చదవొచ్చు. కమిషనింగ్ రోజే దాన్ని ఆన్ చేయించి, ఐపీ అడ్రస్‌ను ప్యానెల్ తలుపు లోపల అంటించండి.